పై చేతి గాజులు

ఖమ్మం,
శుక్రవారం

నా బంగారు ప్రమీలక్కా,

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. మన ఇంట్లో ఫోను మోగితే అమ్మ స్పీకరు పెడుతుంది, నాన్న పనులన్నీ మానుకుని పక్కన కూర్చుంటాడు, నేనేం తిన్నానో తండా మొత్తానికి తెలిసిపోతుంది. ఇది స్పీకర్లో చెప్పే సంగతి కాదు. అందుకే తిరుపతి బావ కూరగాయల ఆటోలో పంపుతున్నాను. చదివి చించెయ్యి. అమ్మకు మాత్రం చెప్పకు.

నేను ఈ చదువు మానేద్దామనుకుంటున్నాను.

ఉలిక్కిపడకు, ఫెయిలవలేదు. రెండేళ్లలో ఒక్క సబ్జెక్టూ పోలేదు. డాక్టరు చూసేలోపు రోగిని కూర్చోబెట్టి, బాధ అడిగి రాసుకుని, బీపీ, షుగరు చూసి అన్నీ సిద్ధం చేసి పెట్టడం మా పని. నాన్న నన్ను "సగం డాక్టరు" అంటాడు కదా, ఆ సగం కూడా నాకు తగదని నిన్ననే తేలిపోయింది.

ఈ నెల మాకు పెద్దదవాఖానాలో డ్యూటీ. నిన్న పొద్దున ఒక ముసలామె వచ్చింది. చీటీ మీద గుగులోత్ మోతీబాయి, అరవై రెండేళ్లు, కారేపల్లి మండలం అని ఉంది. కళ్లు తిరుగుతున్నాయట. అద్దాల రవిక, వెండి కడియాలు, మణికట్టు నుంచి భుజం దాకా తెల్లగాజులు. అచ్చం మన నానమ్మే. మా టీచరు మరియ మేడం "బీపీ చూడు పుష్పా" అంది. పట్టీ కట్టాల్సిన చోటంతా గాజులే. "తీయించు" అంది మేడం.

పై చేతి గాజులు మొగుడు పోతేనే తీస్తారని నీకు చెప్పాలా అక్కా. ఆమె మొగుడు లాలు బయట బెంచీ మీద బీడీ చేతిలో పట్టుకుని, ముట్టించాలా వద్దా అని నిక్షేపంగా కూర్చుని ఉన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని మన తండా మాటలో వద్దు వద్దని చెప్పింది. మేడం మా ఎనిమిది మంది వైపు తిరిగి "వీళ్ల భాష ఎవరికైనా వచ్చా?" అని అడిగింది.

నేను నేల చూశాను.

ఎందుకంటావా? కాలేజీలో చేరిన రోజున ఫారంలో మాతృభాష అన్నచోట తెలుగు అని రాశాను. ఎవరూ రాయమనలేదు. ఆ తర్వాత నా గదిలో ఉండే ఏంజెల్, వైరా పిల్ల, మంచిదే, "నీ తెలుగు ఎంత బాగుందే, తండావాళ్ల యాసే లేదు" అని మెచ్చుకుంది. ఆ మెప్పు ఎక్కి కూర్చున్నాక దిగడం చేతకాలేదు. మెల్లమెల్లగా పండక్కి ఊరు పోవడం తగ్గించాను, అమ్మ ఫోను చేస్తే వరండాలోకి పోయి తెలుగులోనే మాట్లాడాను. నువ్వు ఒకసారి "ఏమే, అమ్మతో ఇంటికొచ్చిన చుట్టంలా మాట్లాడతావ్" అన్నావు. గుర్తుందా?

గాజులు సబ్బు నురగతో తీశాం. రెండు రాకపోతే కత్తెరతో కత్తిరించాం. కత్తెర పట్టుకున్నది నేనే. ఆమె "మెల్లగా బిడ్డా" అంది మన మాటలో. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. బీపీ రెండొందల పది బై నూట ఇరవై. డాక్టరుకు చెప్పడానికి మేడం లోపలికి వెళ్లింది. ఆమె లేచి, గాజులన్నీ కొంగులో మూటగట్టుకుని బయటికి నడిచింది. బోసి చేతులు చూసి ఆ ముసలాయన బీడీ కింద పడేసుకున్నాడు. ఇద్దరూ గేటు దాటి పోయారు. మందు లేదు, మందుల చీటీ లేదు. వెనక నుంచి "యాడీ" అని ఒక్క పిలుపు పిలిస్తే ఆగిపోయేది. "అమ్మా" అన్నంత సులువైన మాట. నేను కత్తెర తుడుస్తూ నిలబడ్డాను.

నిన్నటి నుంచి కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను. బస్సులో అందరి చేతులూ చూస్తున్నాను. పుస్తకం తిరగేస్తే, పై చేతికి వీలుకాకపోతే మోచేతి కిందనే పట్టీ కట్టవచ్చని చక్కగా రాసి ఉంది. కింది గాజులు మణికట్టు మీదికి జారిస్తే సరిపోయేది. ఆ పేజీ నేను గీత గీసి మరీ చదివాను. అంత బీపీతో ఆమె ఏ గట్టు మీద పడిపోయిందో! నువ్వు ఆశా వర్కరువి, చుట్టుపక్కల తండాలన్నీ నీకు తెలుసు. వెతుకు అక్కా. ఆమె దొరికితే చాలు, నేను ఇంటికొచ్చి మిర్చి ఏరుకుంటూ బతుకుతాను.

నీ
పుష్ప


తండా,
ఆదివారం

మా సగం డాక్టరమ్మకు,

మొదట తిట్టు. మిర్చి ఏరడమంటే ఏమనుకున్నావు? నువ్వు ఏరితే పూట గడవకముందే మేస్త్రీ పంపించేస్తాడు. మానేస్తాను గీనేస్తానన్న మాట మళ్లీ రాశావంటే తిరుపతి బావ ఆటో ఎక్కి నేనే వస్తాను.

అమ్మకు చెప్పొద్దన్నావు. చెప్పాను. అలాంటివి దాచే కడుపు నాకు లేదు. ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, మాతృభాష దగ్గర మాత్రం కాస్త గొంతు తగ్గించాను. అయినా విన్నది. చెరుగుతున్న జొన్నలు గంపలో పోసి, చేట గోడకు ఆనించి, "ముందుగాల ఆ ముసలామెను చూద్దాం పా. గీ పిల్ల సంగతి తర్వాత" అంది.

నిన్న మూడు తండాలు తిరిగాం. బతికే ఉంది, ఊపిరి పీల్చుకో. మంచం మీద కూర్చుని మమ్మల్ని ఎగాదిగా చూసింది. లాలు తాత వాకిట్లో నుంచే అందుకున్నాడు. "నేను బతికుండంగనే దవాఖానావోళ్లు నన్ను సంపిన్రు. ఊళ్ల అందరు వచ్చి నన్ను సూసిపోతున్నరు, ఉన్నడా పోయిండా అని!" నాకు నవ్వాగలేదు, అమ్మ గిల్లింది.

మళ్లీ బీపీ చూశాను, నువ్వు చెప్పినట్టు మోచేతి కిందే. రెండొందలకు తగ్గలేదు. మా డాక్టరుగారికి ఫోను చేసి, ఆయన రాసిచ్చిన గోళీలు తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె వాటిని కొంగున ముడేసుకుంది గానీ నోట్లో వేసుకోలేదు. గాజులు తీసినందుకు కోపమా అని అమ్మ అడిగింది. అప్పుడు ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"గాజులకేందమ్మా, సంతల దొరుకుతయ్. నేను మన మాటల ‘మెల్లగా బిడ్డా’ అన్న. ఆడ ఎవ్వరికి తెల్వలే. గా కత్తెర పట్టిన పిల్ల చెయ్యి మాత్రం మెల్లగయింది. గప్పుడే తెల్సింది, మన పిల్లనే అని. మన పిల్ల అయ్యుండి నన్ను ఎరగనట్టు నిలబడ్డది సూడు, గది కొట్టింది నా గుండెకు. గందుకే లేచి వచ్చిన."

అమ్మ తల వంచుకుంది పుష్పా. ఆ పిల్ల నాదేనని చెప్పింది. ఎంతో బతిమాలింది. ముసలామె ఒకటే పట్టు. గోళీలు ఆ పిల్ల చేతులతోనే ఇవ్వాలట. అదీ తండాకొచ్చి దొంగచాటుగా కాదట. "యాడ ఎరగనన్నదో గాడనే, గందరి ముందట ఎరగాలె" అంది. రేపు సోమవారం, అమ్మ ఆమెను వెంటబెట్టుకుని వస్తోంది. నాకు రేపు పిల్లల టీకాలు ఉన్నాయి, రాలేను.

ఆమె ప్రాణం ఇప్పుడు నీ నోట్లో ఉంది. మాతృభాష తెలుగైనా ఫరవాలేదు, రేపటికి మాత్రం యాడీ అనడం మర్చిపోకు.

మీ అక్క
ప్రమీల


ఖమ్మం,
మంగళవారం

అక్కా, నా అక్కా,

అమ్మ తన వైపు నుంచి నీకు చెప్పే ఉంటుంది, నాలుగింతలు చేసి. నా వైపు నేను చెబుతాను.

నీ ఉత్తరం చదవగానే, నిన్న పొద్దున్నే వెళ్లి మరియ మేడంకు అంతా చెప్పేశాను, భాష సంగతి, పుస్తకంలో పేజీ సంగతి. కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "తీయించమన్నది నేను, అందులో నా తప్పుంది. కానీ నేను అడిగినప్పుడు నువ్వెందుకు పలకలేదు?" అంది. "సిగ్గుపడి, మేడం" అన్నాను. "సరే, ఆమె వస్తే నువ్వే చూడు, అందరూ నేర్చుకుంటారు" అంది.

ఎనిమిదింటికి వస్తారనుకున్నాను. తొమ్మిదయింది, పది దాటింది. ఎవరి బీపీ చూస్తున్నా కళ్లు గేటు మీదే. ఒకాయన "అమ్మా, పట్టీ గట్టిగ బిగిసింది" అని అరిచేదాకా నాకు స్పృహ లేదు. దారిలో పడిపోయిందని, అమ్మ ఒళ్లోనే పోయిందని, ఏవేవో తోచాయి. పదకొండుకు అమ్మ కనబడింది. పక్కన మోతీబాయి. చేతులు ఇంకా బోసిగానే ఉన్నాయి. వెనక లాలు తాత, తన బతుకు మీద ఎవరికీ అనుమానం రాకుండా గట్టిగా దగ్గుతూ.

"యాడీ!" అన్నాను. వరండా అంతా వినబడేలా అన్నాననుకుంటా, ఏంజెల్ చేతిలో రిజిస్టరు ఆగిపోయింది.

ఆమె దగ్గరికి రాలేదు. అక్కడే నిలబడి, ముక్కూముఖం తెలియనట్టు, మన మాటలో "ఎవరి పిల్లవు?" అని అడిగింది. అక్కా, ఏడుగురు క్లాసువాళ్లు, మేడం, వంద మంది రోగులు. నాన్న పేరు, తాత పేరు, మన ఇంటిపేరు, తండా పేరు మన మాటలోనే చెప్పాను. మధ్యలో ఒకచోట తడబడి తెలుగు దొర్లింది. ఆమె "ఊఁ, మళ్లా చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. అమ్మ గోడవైపు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుంది.

అప్పుడు వచ్చి కుర్చీలో కూర్చుని ముంజేయి చాపింది. చేతులు బోసిగానే ఉన్నాయి కాబట్టి పట్టీ పైనే కట్టొచ్చు. కానీ ఆమె పై చేతిని కొంగు కింద దాచుకుంది. నేను అడగలేదు. మోచేతి కిందనే కట్టాను, ఎందుకలా కట్టానో అందరికీ వివరించాను. నూట తొంభై ఆరు. డాక్టరు చూసి అవే గోళీలు వేసుకోమన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి నా చేతిలో పెట్టింది, నేను తిరిగి ఆమె చేతిలో పెట్టాను. ఒకటి నోట్లో వేసుకుని గటగటా నీళ్లు తాగేసింది. అరగంట తర్వాత చూస్తే కాస్త దిగింది. ఇంకా చాలా దిగాలి, వారం వారం రావాలి.

ఇక పోదామని లేచింది. లేచి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి నా మెడ మీద పడి రాగం తీసింది. చాన్నాళ్లకు కలిసినప్పుడు మన ఆడవాళ్లు తీసే రాగమే. చిన్నప్పుడు సంతలో అమ్మ ఎవరినో పట్టుకుని ఇలా ఏడిస్తే సిగ్గుతో చచ్చి బండి వెనక దాక్కున్నదాన్ని నేనే. ఇప్పుడు దాక్కోవడానికి చోటు లేదు, నాకు చోటు కావాలనీ అనిపించలేదు. నాకు ఆ పాటలో మాటలు సగమే వచ్చు. వచ్చిన సగమే అందుకున్నాను. మెడలో స్టెతస్కోపు మా ఇద్దరి మధ్య నలిగిపోయింది.

వరండాలో జనం మూగారు. ఏంజెల్ బెదిరిపోయి మంచినీళ్లు తెచ్చింది. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన పరుగెత్తుకొచ్చి, "ఏందమ్మా, ఎవలన్న పోయిన్రా?" అని అడిగాడు.

మోతీబాయి నా భుజం మీద నుంచి తలెత్తి, తెలుగులో అతనికి జవాబు చెప్పింది.

"ఎవ్వలు పోలే కొడుకా. మా పిల్ల దొరికింది."

నీ చెల్లెలు
జర్పుల పుష్పాబాయి