ఎండలో తడి

మే నెల, మంగళవారం

పొద్దున మెషీను నడిపే శ్రీనన్న, మామూలు వేడికి లొంగని ప్లాస్టిక్ గింజలను డ్రయ్యర్‌లో ఆరబెట్టకుండానే కరిగించడానికి పోశాడు. "రామగుండం ఎండల తడి ఏడుంటదక్కా?" అన్నాడు. కరిగిన ముద్ద సన్నటి రంధ్రాల్లోంచి దారాలై దిగుతూ బుడగలు కక్కింది. చాలా పోగులు పుటుక్కున తెగాయి. గింజ కంటికి పొడిగానే కనిపిస్తుంది; తడి లోపల ఉంటుంది.

తెగకుండా వచ్చిన దారాన్ని కూడా, లోపల బుడగలుంటాయేమోనని, పక్కన పెట్టమన్నాను. మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు. "మంచిగనే ఉంది కదమ్మా, పంపుదాం" అన్నాడు. పొగగొట్టాల్లో బూడిదను ఆపే సంచులకు పోయే దారం అది. టెస్టింగ్ చూసే నేను సరే అంటేనే బయటికి పోతుంది. రేపు చెప్తానన్నాను.

ఇంటికొచ్చి ఒక పోగు బాపు చేతిలో పెట్టాను. జీవితమంతా బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి, వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"గింత సన్నది దుమ్మును ఆపుతదా బిడ్డా?"

"ఆపుతది బాపూ."

"మేమైతే ముక్కుకు తువ్వాల కట్టుకునేటోళ్లం" అంటూ దగ్గాడు. దగ్గు ఆగేదాకా పక్కనే నిలబడ్డాను. దవాఖానలో ఎక్స్‌రే ఊపిరితిత్తుల్లోని బొగ్గు దుమ్మును చూపించేదాకా బాపు కూడా పైకి గట్టిగానే కనిపించాడు.

నేను ఆయన చేతిలో పెట్టింది, పొద్దున తెగకుండా వచ్చిన పోగే.