వేపనీడ కనకాంబరాలు

14-2-1954, ఆత్మకూరు
సీతమ్మను పురుటికి ఉదయగిరి పంపించాను, వాళ్ల అక్క దగ్గరికి. బస్సు కదిలేదాకా కనకాంబరాల మాటే. పోయినేడు చనిపోయిన మా అత్తగారు ఇచ్చిన మొక్కలవి. పెరట్లో వేపచెట్టు నీడన నాటుకుంది. కాస్త చూసుకుంటే ఏళ్ల తరబడి పూస్తాయట. ఎండిన వెన్నుల్లో గింజలుంటాయట, తడి తగిలితే చిటుక్కున పేలి చెదురుతాయట. కిటికీలోంచి మళ్లీ చెప్పింది.
"మా అమ్మ గుర్తుగా అయ్యే ఉండాయి. జాగర్త."

2-3-1954
పూలు పలచన. ఎండ చాలకే అని నా నమ్మకం.

9-3-1954
మేకల ఆదెయ్యను పిలిచి వేపకొమ్మలు కొట్టించాను. మేత దొరికిందని వాడికి సంతోషం. పోతూ పోతూ, అవి నీడ మొక్కలు, ఎండకు ఆగవేమో అన్నాడు. వాడికేం తెలుసు అనుకున్నాను. పెరడంతా వెలుగు. ముచ్చటేసింది.

28-4-1954
లెటర్ వచ్చింది. ఆడపిల్ల. వాళ్లమ్మ పేరే పెడుతుందట. చివర, మొక్కలెట్లా ఉన్నాయని అడిగింది.
జవాబు రాయలేదు.

11-5-1954
రెండు పూటలా నీళ్లు పోసినా లాభం లేకపోయింది. ఆకులు మాడి పొడైపోయాయి. నాలుగు మొక్కలూ పోయాయి. నా తెలివి తగలెయ్య. ఒక ఎండు వెన్ను తుంచి ఈ పేజీలో పెట్టాను, ఎందుకో.

12-5-1954
ఆదెయ్య మేకలు మేసేశాయని సీతమ్మకు లెటర్ రాశాను. వాడి మేకలు మా గడప తొక్కనే లేదు. అయినా పోస్టులో వేసి వచ్చాను.

20-7-1954
సీతమ్మ బిడ్డతో వచ్చింది. పెరట్లో చాలాసేపు నిలబడింది. వీధిలో ఆదెయ్య పలకరిస్తే మొహం తిప్పుకుంది. పక్కనే ఉండి కూడా నేను నోరు విప్పలేదు. సిగ్గుగా ఉంది.

23-7-1954
మధ్యాహ్నం కొట్టు నుంచి వచ్చేసరికి బల్ల మీద ఈ డైరీ తెరిచి ఉంది. బిడ్డకు నీళ్లు పోసి, ఆ తడిచేతులతోనే తిరగేసినట్టుంది. మే నెల పేజీ తడిసింది. వెన్ను పేలిపోయింది. గింజ ఒక్కటీ లేదు.
పెరట్లో ఆదెయ్య తాటాకు పందిరి వేస్తున్నాడు. సీతమ్మ దాని కింద మన్ను సర్దుతోంది. నన్ను చూసి చెంబు చేతికిచ్చింది.
"నీళ్లు మీరే పొయ్యండి. ఎండ మాత్రం చూపించబాకండి."

14-8-1954
రెండాకులు. ఆదెయ్యను పిలిచి చూపించాను. లెటర్ సంగతి కూడా నా నోటితోనే చెప్పాను.