రస్సెల్ జవాబివ్వని ప్రశ్నలు

విన్స్,

టెస్సా బడి బస్సు వచ్చే వేళకి గుమ్మంలో ఉండు. మెట్ల మీద మంచు తీసి ఉప్పు చల్లు. పొయ్యి మీద సూప్ ఉంది, వేడి చేసి పెట్టు.

నేను కోర్టుకి వెళ్తున్నా. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న కేసులో రస్సెల్‌కి నేను పంపిన ప్రశ్నలకి గడువు దాటినా జవాబు లేదురా. గుర్తుచేస్తూ మళ్ళీ రాశా, ఉలుకూ పలుకూ లేదు. "లాయరు లేకుండా తనే వాదించుకుంటోంది, ఇదేం చేస్తుందిలే" అని నా గురించి అనుకున్నాడు. జవాబు చెప్పించమని ఇవాళ జడ్జికే అర్జీ పెడుతున్నా. నువ్వు వాడితో చేపలు పట్టడానికెళ్ళి, "అక్క కోపం తగ్గిందిలే బావా" అని వాగకు. నాకేం తగ్గలేదు.

నేనేమన్నా కొండమీది కోతిని తెమ్మన్నానా? వాడింట్లో పిల్ల ఎక్కడ పడుకుంటుందని అడిగా, అంతే. పొద్దున మేజోళ్ళు తొడుగుతుంటే టెస్సా అడక్కుండానే చెప్పింది: "నాన్న మంచం నాకిచ్చి తను నేల మీద పడుకుంటాడమ్మా." ఆ ఒక్క ముక్క రాసివ్వడానికి ఏం రోగం వాడికి!

లోరెట్టా

గరాజులో మడత పరుపు ఉంది. శనివారం పిల్లతో పాటు దాన్నీ వాడింట్లో దించిరా. వాడికసలే నడుంనొప్పి. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోను.