నువ్వు వేసిన కుట్టు

అక్కా,

నిన్న పెత్రమాసకు పెద్దలతోపాటు నీ పేరున కూడా విస్తరి వేసి, నీకిష్టమని గారెలు పెట్టాం. తర్వాత అవన్నీ నేనే తిన్నాను. చాలక ఇంకొన్ని వేసుకున్నాను.

డాక్టరమ్మ నన్ను బరువు తగ్గమన్నప్పుడు నాతోపాటు రోజూ నడిచింది నువ్వే. కాస్త తగ్గానని మురిసి, నా ఎర్ర జాకెట్టు రెండు పక్కలా లోపలికి కుట్టి ఇచ్చావు. నీ చేతి ఆఖరి పని అదే.

ఈ పొద్దున తొడుక్కుంటే బిగుసుకుపోయింది. అత్తమ్మ నవ్వింది.

"గారెలు గన్ని తింటివి గదనే! ఆ కుట్టు ఇప్పెయ్యి, ఊపిరాడుతలేదు నీకు."

"నేనిప్ప అత్తమ్మా. ఎప్పటి లెక్కనే రొట్టె తింట, నడుస్త."

నేను ఎదురు చెప్పడం ఆమె వినడం ఇదే మొదటిసారి. లేచి జొన్నపిండి కలిపింది.

ఒక రొట్టె తిని, మన దారినే నడిచొచ్చాను. జాకెట్టు మడిచి పెట్టాను. వచ్చే వారం మళ్ళీ తొడిగి చూస్తాను.

నీ చెల్లె