కనకాంబరం రంగు కారు

గోదావరిఖని

సారవ్వక్కకు తమ్ముడు బిక్షం రాసేది. అందరం బాగున్నాం. నేను రంగు దొంగిలించానని నీ దాకా వచ్చిన మాట నమ్మకు.

నేను కొన్న పాత మోరిస్ కారుకు ఇంటి ముందే కుంచెతో ఎనామిల్ వేశాను. మొదట ఆకుపచ్చ వేశాను. మా గనిలో పంపులన్నిటికీ అదే రంగు, నాకది తట్టలేదు. "కంపెనీ స్టోర్లకెల్లి డబ్బా ఎత్తుకొచ్చిండు" అన్నాడు పక్కింటి లింగమూర్తి. రసీదు ఉంది, చూపించలేదు. దొంగనైతే కదా చూపించడానికి. పచ్చనంతా గీకేసి కనకాంబరం రంగు వేశాను. "గిది ఏ స్టోర్ల ఉన్నదో చెప్పు" అన్నాను. లోపలికి పోయాడు.

అవ్వ మోకాళ్ళు ఎట్లున్నాయి? బర్రె ఈనిందా? కారు తుడవడానికి బావవి పాత ధోవతులు తీసుకురా. బావకు దండాలు. దసరాకు రామగుండంలో రైలు దిగండి, కారు తెస్తాను. ఏ కారని ఎవరినీ అడగక్కర్లేదు.