కొత్తింటికి చిలుకలు తేను

తాండూరు,
బుధవారం.

అమ్మకు,

నీ బిడ్డ దేవిక నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వు, నీ మోకాళ్ళు, నీ గొర్రెలు కూడా కుదురుగా ఉన్నాయని తలుస్తాను. ఫోన్లో నీకు సరిగ్గా వినపడదు. పక్కనున్నవాళ్ళు అందుకుని వాళ్ళకు తోచింది చెప్తారు. అందుకే ఇదంతా కాగితం మీద పెడుతున్నాను. అద్దాలు పెట్టుకుని నువ్వే చదువుకో, అన్నతో చదివించుకోకు.

ముందు నువ్వు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నవనీత బడికి బాగానే వెళ్తోంది. ఎక్కాలు వచ్చాయి, వాటితో పాటు నోరు కూడా వచ్చింది. నీ మనవరాలు కదా! మా ఆయన పనిచేసే నాపరాళ్ళ పాలిష్ మిల్లు మళ్ళీ నడుస్తోంది. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల దాకా రాతిపొడే. మా అత్త చంద్రవ్వకు దగ్గు తగ్గింది. మొన్న ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుంటే మళ్ళీ తిరగబెట్టింది. అయినా "నాకేం గాలే" అంటుంది.

చిలుకలు మాట్లాడుతున్నాయా అని అడిగావు. మాట్లాడాయమ్మా. రోడ్డు వెడల్పు చేస్తూ చింతచెట్టు కొట్టేసినప్పుడు, తొర్రలోంచి కిందపడ్డ ఆ రెండు పిల్లలను కొంగులో వేసుకొచ్చానని నీకు తెలుసు. అప్పటికి వాటికి ఈకలు కూడా రాలేదు. జొన్నగటక పలుచగా చేసి వేలితో పెట్టి బతికించాను. అవి నేర్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? మా అత్త కోళ్ళను కన్నడంలో రమ్మని పిలిచే "బా... బా..." అన్నది. ఆ తర్వాత "ఓ దేవికా!" అని అచ్చం అత్త గొంతుతో కేక. నేను పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తేదాన్ని. "నేను పిల్వనే లేదు గదనే, నీకేమన్న పట్టిందా?" అని అత్త నవ్వేది.

ఇక నువ్వు అడగకుండానే ఖాయం చేసిన సంగతికి వస్తాను. కొత్తింట్లో పాలు పొంగించే రోజు మన ఇళ్ళలో ఆడబిడ్డ గొర్రెపిల్లకు నుదుట పసుపు పెట్టి, దాన్ని ముందు నడిపించుకుంటూ గడప దాటాలి. నాకు తెలియనిదేం కాదు. కానీ వికారాబాద్‌లో మల్లేశ్వర్ అన్న కట్టుకున్న ఇంట్లో గొర్రెపిల్లను ఎక్కడ కట్టేస్తారు? కొత్త టైల్స్ మీద అది పెంటికలు వేస్తే భాగ్యశ్రీ వదిన ఊరుకుంటుందా? అందుకని గొర్రెపిల్లకు బదులు నా చిలుకల జత తేవాలని అందరూ కలిసి తేల్చేశారు. నన్ను తప్ప అందరినీ అడిగారు. ముందుగదిలో వేలాడదీయడానికి వదిన ఇత్తడి పంజరం కూడా కొని ఫోటో పంపింది. నవనీత టిఫిన్ డబ్బా కంటే కాస్త పెద్దది.

నేను తేనమ్మా. ఇది అలక కాదు, బతిమాలితే పోవడానికి.

అన్న మన ఊరికొచ్చి, నీ మంచం మీద కూర్చునే నాకు ఫోన్ చేశాడు. "ఏందే, రెండు పిట్టల కోసం గింత లొల్లా? పైసలు గావాల్నా నీకు?" అన్నాడు. "పైసలకు అమ్మేటోళ్ళు సంతల దొర్కుతరు, ఆళ్ళనడుగు" అన్నాను. "అయితే ఉత్త చేతులతోని నా గడప తొక్కకు" అని పెట్టేశాడు. వెనక నీ గొర్రెల అరుపు వినపడుతూనే ఉంది. నువ్వు అక్కడే ఉన్నావు. ఒక్క మాట అనలేదు. అన్న మాట కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చిలుకను పెంచడమంటే ఏమనుకుంటున్నారు మీరంతా? గొర్రె పొద్దున మేతకు వెళ్ళి సాయంత్రం దొడ్డికి వస్తుంది. పగలంతా దొడ్డిలోనే ఉంచేవాళ్ళను చూస్తే నువ్వు వాళ్ళ ఏడుతరాలను తిట్టిపోస్తావు. మరి ఎగరడానికే పుట్టినదాన్ని జానెడు పంజరంలో పెట్టి, చుట్టాలొచ్చినప్పుడల్లా "రామా అను, రామా అను" అని పుల్లతో పొడవడం శుభమా? అది పాతికేళ్ళు బతుకుతుంది. అన్నవాళ్ళు తిరుపతికి పోతే దానికి తిండి ఎవరు పెడతారు? మేం ఒకసారి పెళ్ళికని ఇల్లు తాళం వేసి వెళ్ళి వచ్చేసరికి, చిన్నది ఒంటి మీద ఈకలు తనే పీక్కుని కూర్చుంది. పెంచిన మనుషుల తోడు లేకపోతే వాటికి పిచ్చెక్కుతుందట. ముద్దుకని టీలో ముంచిన బిస్కెట్ పెట్టేదాన్ని. అది వాటికి విషంతో సమానమని తెలిశాక నా మీద నాకే కోపం వచ్చింది. అంత ప్రేమగా చూసుకున్న నాకే ఇన్ని తెలియలేదు. వదినకు పంజరం రంగు తప్ప ఏం తెలుసు?

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన సంగతి చెప్తాను. కూర్చుని చదువు.

దిష్టి తగలకుండా చిలుకల కాళ్ళకు కట్టమని నువ్వు నల్ల ఉన్నిదారం పంపావు. మన గొర్రెపిల్లల మెడకు కట్టేదే, నువ్వే వడికినది. నేనే కట్టాను. గొర్రెపిల్ల పెరిగేకొద్దీ దారం వదులు చేస్తాం. పిట్ట కాలికి కట్టి మరిచిపోయాం. పెద్దది ముక్కుతో తెంపేసుకుంది. చిన్నది లాగేకొద్దీ ఆ దారం బిగుసుకుంది. ఈకల చాటున కాలు ఉబ్బిందని నేను చూసుకోలేదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి వేళ్ళు నల్లబడిపోయాయి. పాదం తీసేయాల్సి వచ్చింది. "ఎవరు కట్టిన్రు దీన్ని?" అని డాక్టరమ్మ అడిగితే "నేనే" అన్నాను. నీ పేరు ఎత్తలేదు.

నీకు తెలిస్తే అన్నం మానేస్తావని ఇన్నాళ్ళూ రాయలేదు. ఏడవకమ్మా. ఏడిస్తే ఆ కాలు తిరిగి రాదు. మనిద్దరం ప్రేమతోనే కట్టాం, అదే దాని పాదం తీసింది. అన్నావదినలు పంజరాన్ని కూడా ప్రేమతోనే కొన్నారు. అందుకే ఈసారి ప్రేమ అన్న మాట చెప్పి నన్ను ఎవరూ ఒప్పించలేరు.

ఇంకో మాట. ఇప్పుడు నా ఇంట్లో చిలుకలు లేవు. రామచిలుకలను ఇంట్లో పెంచడమే నేరమని, కాపాడి తెచ్చినా సరే అటవీశాఖ వాళ్ళకు అప్పగించాలని డాక్టరమ్మ చెప్పింది. వికారాబాద్ ఆఫీసుకు నేనే ఫోన్ చేశాను. "కేసు గిట్ల పెడ్తరేమోనే" అని ఆయన పరేషాన్ అయ్యాడు. "పెడ్తె పెట్టనీ, దొంగతనం చేసిన్నా?" అన్నాను. వాళ్ళు వచ్చారు. దొరికిన రోజే చెప్పాల్సిందని మందలించి తీసుకెళ్ళారు. పెద్దదాన్ని వలకట్టిన పెద్ద షెడ్డులో మిగతా చిలుకలతో కలిపి, బాగా ఎగరడం వచ్చాక అనంతగిరి అడవిలో వదిలేస్తారట. చిన్నది ఇక అడవిలో బతకలేదు. ప్రాణమున్నంత కాలం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

నవనీత నాతో మాట్లాడటం మానేసింది. అదే దారికొస్తుంది. ఇల్లు బోసిపోయింది. "ఓ దేవికా!" అని ఎవరూ కేక వేయకపోతే నాకు పని తోచడం లేదు. అయినా సరే, ఇచ్చినందుకు బాధ లేదు. ముందే ఇవ్వనందుకే ఉంది.

అన్నకు ఇది కూడా చెప్పు. నేను తేలేదని సంతలో ఇంకో జత కొని ఆ ఇత్తడి పంజరంలో వేలాడదీస్తే, అదే ఆఫీసుకు మళ్ళీ ఫోన్ చేస్తాను. తోడబుట్టినవాడని చూడను. అన్న గుణం తెలుసు కాబట్టే ముందుగా చెప్తున్నాను.

పాలు పొంగించే రోజు పొద్దుటి రైలుకు నేను వికారాబాద్‌లో దిగుతాను. రావద్దన్నంత మాత్రాన నా అన్న ఇల్లు నాకు పరాయిది కాదు. ఉత్త చేతులతో గడప తొక్కవద్దన్నాడు కదా, తొక్కను. బయట మెట్ల మీద కూర్చుంటాను. వచ్చే చుట్టాలందరూ నన్ను దాటుకునే లోపలికి వెళ్ళాలి. ఎందుకు బయట కూర్చున్నావని ఎవరడిగినా జరిగింది జరిగినట్టు చెప్తాను, దారం సంగతి ఒక్కటి తప్ప. అది చెప్పాలో వద్దో నీ ఇష్టం. ఆకలేస్తే వాళ్ళ విస్తరి కోసం చూడను. సజ్జరొట్టెలు, పచ్చడి మూటకట్టి తెచ్చుకుంటాను.

నువ్వు లోపలే ఉంటావో, బయటికి వస్తావో నేను అడగను. రొట్టెలు మాత్రం ఇద్దరికి సరిపోయేలా చేసి తెస్తున్నాను.

ఇట్లు,
నీ మాట వినని
నీ బిడ్డ
దేవిక