మాల వేసుకునే ముందు పదిహేను రోజులు

నవంబర్ 2
కోడంబాక్కం స్టూడియో. సీరియల్లో తండ్రి పాత్రకి డబ్బింగ్, తమిళం నుంచి తెలుగుకి — ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఒక్క డైలాగుకి తొమ్మిది టేకులు. కాగితం చూసి తెర మీద పెదాలకేసి తలెత్తేలోపు మాట ఎగిరిపోతోంది. అద్దం అవతల ఇంజినీరు, "ఇంకొకటి పోదాం సార్." మెట్ల కింద చాటుగా ఒక గుక్క వేసి వచ్చాను. పదో టేకు ఓకే. గుక్క పడితే గానీ మాట నిలవలేదు — భయమంతా అక్కడే ఉంది.

నవంబర్ 4
మా ఆవిడ సరళ అప్పుడే నా నల్ల పంచెలు ఉతికి ఆరేసింది. "పదిహేడున మాల. గురుస్వామికి చెప్పేసినా." ఏటా అయ్యప్ప మాల పడిన రోజే మందు బంద్. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టను. వీధంతా మెచ్చుకుంటుంది. మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలు — అదీ వీధికి తెలుసు.
పోయిన ఏడాది మాల వేసుకున్న మూడో రోజు... రాయను.

నవంబర్ 5
రాస్తాను. బాత్‌రూమ్‌లో పడ్డాను. జారానని అందరికీ చెప్పాను. తెలివొచ్చేసరికి నాలుక పళ్ళ కింద తెగి ఉంది, కుడి గుప్పిట్లో ఇంటి తాళాల గుత్తి. స్నానానికి తాళాలెందుకు తీసుకెళ్ళాను? ఎంత తవ్వినా గుర్తు రాదు.

నవంబర్ 9
డాక్టరమ్మ దగ్గరికి ఒక్కణ్ణే. చేతులు చాపమంది, చూసింది. "మెదడులో కణాల మీద సంకేతాలు అందుకునే రిసెప్టర్లు ఉంటాయి సార్. కొన్ని బ్రేకు లాగా, కొన్ని యాక్సిలరేటర్ లాగా. ఇన్నేళ్ళూ మీ బదులు మందే బ్రేకు తొక్కింది. అసలు బ్రేకులు మొద్దుబారినాయి. యాక్సిలరేటర్లు పెరిగినాయి." అన్ని చోట్లా ఒకేలా మారవట. తల వెనక భాగం దెబ్బ తింటే నడక, చేతి పట్టు పోతాయి. లోపల జ్ఞాపకాల చోటు — అదే నా డైలాగులు. నుదుటి వెనక, ఇక చాలు అనుకునే బుద్ధి. నాకు ఏది ఎంత పోయిందో అడగలేదు.
మాల సంగతి చెప్పాను. పెన్ను కింద పెట్టింది. "ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆపడం, మళ్ళీ తాగడం — ప్రతిసారీ ముదురుతుంది." ఆస్పత్రిలో చేరి మాత్రలతో ఆపాలట. పద్దెనిమిదికి గానీ మంచం ఖాళీ కాదట. అంతవరకూ మీ అంతట మీరు ఆపొద్దు, రోజుకి ఇంతకి మించొద్దు — చీటీ మీద కొలత రాసిచ్చింది.

నవంబర్ 12
సరళకి చెప్పలేదు. చెప్పబోతే, "మీకు స్వామే వైద్యుడు" అంది.

నవంబర్ 15
చెప్పేశాను. చిక్కుడుకాయలకి ఈనె తీస్తోంది. చేతిలో కాయ పూర్తి చేసి చాటలో వేసింది.
"పోయినేడు మీరు జారలేదు. కింద పడి కొట్టుకుంటా ఉండారు. తాళాలు చేతిలో పెట్టింది నేనే. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ నిలుస్తాయని మా అవ్వ చెప్పేది."
"ఏడాది పాటు చెప్పలేదే?"
"చెప్తే మాల ఎయ్యరు. ఆ నలభై రోజులే గదా నాకు మీరు మనిషిగా మిగిలేది."
ఆమె మీద కోపం రావాలి. రాలేదు. భయమే.

నవంబర్ 16
పన్నెండు టేకులు. చివరికి వేరే గొంతుతో చెప్పించారు.

నవంబర్ 17
ఉదయం ఏడు. గుడి దగ్గర శరణుఘోష ఇంటిదాకా వినిపిస్తోంది. రాత్రి నుంచి చుక్క పడలేదు. సరళ స్నానం చేసి వచ్చి స్వామి పటానికి తువ్వాలు కప్పింది. పెళ్ళయ్యాక మొదటిసారి తన చేత్తో సీసా మూత తీసింది. చీటీ చూసుకుంటూ స్టీలు గ్లాసులో పోసింది, కొంచెం ఒలికింది.
"తాగండి. రేపటి దాకా."
గురుస్వామి ఫోను. రెండోసారి మోగుతోంది. ఇద్దరం తీయడం లేదు. తాళాల గుత్తి ఆమె ఒళ్ళో ఉంది. గ్లాసు ఇంకా నా ముందే ఉంది, ముట్టలేదు.